అచ్చయ్యాకే డబ్బు

మాటకు ఇరవై నైరాలు.
'కాబట్టి'కీ అంతే, 'కన్నీరు'కీ అంతే.
సురులెరెలో కరెంటు పోయిన రాత్రి
జెనరేటరు తాగే లీటరు పెట్రోలు
నలభై ఐదు మాటలు.

అందుకే నా రాతలో ఏ గాయనీ ఊరికే రాదు.
మెరుపులు చిమ్ముతూ, చూపులు దోచుకుంటూ విచ్చేస్తుంది.
ఆ మెరుపుల్లో సగం నా ఫ్యాను రెక్కలకి.

శుక్రవారాలు లెక్కీలో కొత్త సినిమా మొదటి ఆట.
తాడుకి అవతల ఎర్ర తివాచీ,
ఇవతల నేను, ఒమొలారా చెప్పుల్లో.
దాని పాదం నాకంటే చిన్నది.
"ఈ గౌను ఎవరు కుట్టారండీ?" అని అడుగుతాను
నవ్వుతూ, మడమ కొరుకుతుంటే.
కాగితం రుమాల్లో నాలుగు పఫ్-పఫ్‌లు చుట్టి
సంచిలో వేసుకుంటాను.
వాటి గురించి రాయను.

నా కంప్యూటర్‌లో ఒక ఫోల్డరు ఉంది.
పేరు: ఇంకా ఉన్నవాళ్ళు.
పెద్దవాళ్ళయిపోతున్నారు, ముందే రాసి పెట్టుకో
అన్నాడు ఎడిటరు.
పద్నాలుగు సంతాపాలు, తేదీ దగ్గర ఖాళీ.
డబ్బు మాత్రం అచ్చయ్యాకే.

అందులో మూడోది లాసిసి ఒయెడెలె.
మా చిన్నప్పుడు తెర మీద వడ్డీవ్యాపారి.
ఆయన నవ్వితే మా అమ్మ టీవీ ఆపేసేది.
బజారులో ఒకావిడ
"విధవల ఇళ్ళు గుంజుకున్నావు, నీకు మిరపకాయలు అమ్మను పో" అందట.
పన్నెండు వందల మాటలు, ఇరవై నాలుగు వేల నైరాలు.

మార్చిలో ఆసుపత్రిలో చేరాడు.
నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు,
అద్దె బాకీ మాత్రం ఒకసారి కూడి చూసుకున్నాను.
తిరిగొచ్చాడు.
జులైలో మళ్ళీ చేరి, మళ్ళీ తిరిగొచ్చాడు.
పుట్టినరోజు వచ్చినప్పుడల్లా వయసు దిద్దుతాను.
దిద్దుబాటుకి పైసా రాదు.

నిన్న రాత్రి డెబ్బై ఎనిమిది కొట్టేసి
తొమ్మిది వేస్తుంటే ఫోను.
తలచుకుంటుండగానే వస్తే నూరేళ్ళంటారు.
ఆయనే.

"ఎబియెరె నువ్వేనా అమ్మాయీ?
నా మీద రాసి పెట్టావట. మీ ఎడిటరు తాగి వాగాడు.
ఎన్ని మాటలు?"

చెప్పాను.

"ఆ బోడి పాటగాడి పెళ్ళికి రెండు వేలు రాశావే!"

ఆపైన నవ్వాడు. అదే నవ్వు.
ఆపడానికి టీవీ కాదు కదా,
చెవికి ఆనించుకుని కూర్చున్నాను.

"చదువు."

చదివాను.
చనిపోయిన మనిషికి చదివినట్టు మెల్లగా మొదలుపెట్టాను.
"గొంతు పెంచు, నేను ఇంకా చెవిటివాణ్ణి కాలేదు" అన్నాడు.
పెంచాను.
రెండో పేజీలో జెనరేటరు దగ్గి ఆగింది.
చీకట్లో గుర్తున్నంత మేరకు చెబుతూ పోయాను.
ఇన్నిసార్లు దిద్దిన ముక్క, చాలావరకు గుర్తుంది.

"సినిమాలు రెండు వందల పన్నెండు కాదు, పద్నాలుగు.
రెండు విడుదల కాలేదు.
విడుదలయ్యాకే డబ్బన్నారు,
ముప్ఫై ఏళ్ళయింది."

కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
పక్కింటి జెనరేటరు మా ఇద్దరి తరఫునా గొణిగింది.

"ఇంకోటి. ఆ మిరపకాయలావిడ పేరు సిఫావు.
మరుసటి వారం పిలిచి దోసెడు ఊరికే ఇచ్చింది.
నిజంగా అంత చెడ్డవాడివైతే
ఇక్కడ నిలబడి బేరమాడతావా, అంది.
అది కూడా వెయ్యి."

పొద్దున్నే కరెంటొచ్చింది.
వేశాను: రెండు సినిమాలు, దోసెడు మిరపకాయలు, సిఫావు.
పదహారు మాటలు పెరిగాయి,
మూడు వందల ఇరవై నైరాలు.
తేదీ దగ్గర ఖాళీ అలాగే ఉంది.
ఇంటి ఓనరుకి తప్ప
ఎవరికీ తొందర లేదు.