వేలిముద్ర సరిపోలలేదు

పొన్నెమ్మ బొటనవేలు మూడోసారి పెట్టింది.
మిషను మళ్లీ ఎర్రగా వెలిగింది.
కొంగుకు తుడుచుకుంది, చూపుడువేలు పెట్టింది,
నెత్తిన రుద్ది పెట్టింది, నూనె అంటితే పడుతుందని ఎవరో చెప్పారట.

పెనుమూరులో పదకొండేళ్లుగా చౌకదుకాణం నాది.
సిమెంటు మోసిన వేళ్లు చూశాను, సున్నం తిన్న వేళ్లు,
బీడీలు చుట్టి చుట్టి నునుపెక్కినవి.
ఇవి వేరు.
గీత లేదు. సుడి లేదు.
లెక్క చెరిపేసి ఇంకా ఏమీ రాయని పలక.

"యాడ పని చేస్తా ఉండావు మే?"
"ఏలుమలై తోట్లో, డీలరన్నా. బొప్పాయి పాలు గీకతా ఉండా."

తెల్లారుజాము నాలుగింటికి మొదలు.
పచ్చికాయకు గోరంత లోతున నాలుగు గాట్లు,
తిరగేసిన గొడుగులా మాను చుట్టూ కట్టిన ప్లాస్టిక్ పట్ట,
చుక్క చుక్క తెల్లపాలు. గడ్డ కట్టాక
గీకి డబ్బాకెత్తాలి.
చేతికి తొడుగులు ఒకసారి ఇచ్చారు, ఉగాదికి ముందు. చినిగాయి.
పాలు పొడై ఏ మాత్రల్లోకో, ఏ సీసాల్లోకో పోతాయి.
గాట్లు పడ్డ కాయలు మాత్రం
ఎరుపూ పచ్చా చక్కెర ముక్కలై
మా అంగడి బన్నుల్లోకే తిరిగొస్తాయి.

చిత్తూరులో నేను డిగ్రీ రెండేళ్లు వెలగబెట్టాను, బయోకెమిస్ట్రీ.
మిగిలింది ఒక్క పాఠం.
తోలంటే ప్రోటీను, ప్రోటీనంటే పూసల గొలుసు,
పూసకీ పూసకీ నడుమ పెప్టైడు ముడి.
ముడి పడేటప్పుడు రెండు పూసలూ కలిసి
ఒక నీటి అణువును బయటికి నెట్టేశాయి.
విప్పాలంటే ఆ నీరు వెనక్కి రావాలి.
అప్పు తీర్చినట్టు, అంతే.
కానీ నీళ్లకు తొందర లేదు.
ఉత్త నీళ్లలో వదిలేస్తే వందల ఏళ్లు ఊడదు.
పొన్నెమ్మ ఇన్నాళ్లు తోమిన అంట్లకు ఊడని ముడి
బొప్పాయి పాలలో పూటకు ఊడింది.

ఎంజైము కత్తి కాదురా, అని బల్ల చరిచేవాడు మా సారు.
దానికొక గుంట, గుంటలో గంధకం.
గొలుసు వచ్చి అందులో ఒదుగుతుంది.
గంధకం ముడి మీద చెయ్యేస్తుంది.
పక్కనే హిస్టిడిన్, ఒక హైడ్రోజన్ని ఇస్తూ పుచ్చుకుంటూ,
సంతలో ఎద్దుల దళారి
తువ్వాలు కింద వేళ్లు కదిపినట్టు.
ఒక ముక్క జారిపోతుంది.
రెండోదాన్ని గంధకం తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది,
నీళ్లొచ్చి విడిపించేదాకా.
గుంట ఖాళీ. దళారికి ఏమీ కాలేదు.
తువ్వాలు దులిపి, ఇంకో గొలుసు.

ఇదంతా చెప్పబోయి ఊరుకున్నాను.
ఆమెకు కావలసింది ఇరవై కిలోల బియ్యం.
కన్ను పెట్టమన్నాను. కుడి కంటికి పొర,
ఎడమది రెప్ప వేయకుండా నిలవలేక నీరు కార్చింది.
రిజిస్టరులో రాసి ఇచ్చాను.
దానికి నేను తిన్న తిట్లు వేరే సంగతి.

ఆదివారం పచ్చిముక్క ఒకటి తెచ్చింది, కాగితంలో చుట్టి.
"ముదురు పొట్టేలంటివే. నూరి పట్టించు, గంట చాలు."
గంట చాలింది.
ఎముక నుంచి కండ దానంతటదే జారింది.
తింటూ తింటూ నా బొటనవేలు చూసుకున్నాను.
సుడి ఉంది.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. తడిస్తే పాలు పనికిరావు,
తోట పని ఆగింది.
తోలు అడుగున ఎక్కడో దాచిన అచ్చు నుంచి
ఒక్కొక్క గీతే పైకి తేలింది,
పాత గీతే, పాత చోటే.
పొన్నెమ్మ వేలు పెట్టీ పెట్టగానే పచ్చదీపం.
"నన్ను గుర్తుపట్టిండాది!" అని నవ్వింది.

పని లేనప్పుడు.

బియ్యం తూస్తా ఉంటే సంచి నోరు పట్టుకుని అడిగింది:
"సోమారం నుంచి మళ్లా తోట, డీలరన్నా.
వచ్చే నెల వేలు కూడా
ఇప్పుడే ఏసేసుకుంటావా?"