ఇంజను ఎంగిలి

మిర్యాలగూడ బైపాసు మీద,
మిల్లుల తవుడు వాసన ఇంకా లేవని పొద్దున,
మోకాలెత్తు కారొకటి వచ్చి
నా షెడ్డు ముందరి స్పీడుబ్రేకరుకు కడుపు గీక్కున్నది.
సైదులు పండ్లు కొరుక్కున్నడు,
వానికే తాకినట్టు.

దిగినామె నిఖత్ డాక్టరమ్మ.
వారమంతా నల్లగొండల పండ్లు చూస్తది,
నెలకొకపారి చెన్నై అవతల ట్రాకు మీద
ఈ కారును చెరుకుగడ లెక్క పిండుతది.
నీళ్లల్లకెల్లి వచ్చిన పసుపు
ఎంత తోమినా పోదని తెలిసిన మనిషి,
ఫోన్ల ఇంజను వాల్వుల ఫోటో తీసి
"చూడు చారీ, ఇదీ గంతే,
లోపటికెల్లి పట్టిన మరక" అన్నది.

సంగతేందంటే,
పిస్టను పక్కకెల్లి జారిన పొగ
కింద నూనెల కలిసి, తుంపరై
ఊపిరి గొట్టం పట్టుకొని పైకొస్తది.
నూటయాభై మీద పొడుగు మలుపు తిప్పితే
నూనె మొత్తం ఒక్క గోడకు ఒరిగి
ఆ గొట్టంలకే ఎగబాకుతది.
కంపెనీవాడు ఆ గొట్టాన్ని తెచ్చి
మళ్లా ఇంజను నోట్లెనే పెట్టిండు.
"అంటే దాని ఎంగిలి అదే తాగుతదా?" అన్నడు సైదులు.
ఏ పుస్తకంల లేదు గానీ, అదే.

ఆమె తెచ్చిన డబ్బా ఎర్రగ మెరుస్తున్నది.
ఆన్‌లైన్ల పదకొండు వేలట.
మూత తిప్పి చూసిన.
లోపల అడ్డం లేదు, జల్లెడ లేదు,
పెండ్లయిపోయిన పందిరి లెక్క ఉత్తగున్నది.
ఇటుకెల్లి పోయిన తుంపర
అటుకెల్లి నవ్వుకుంట బయటపడ్తది.

నాకు టర్బోలు తెల్వయి.
సైక్లోన్లు తెలుసు.
ఇరవై రెండేండ్ల సంది ఈ ఊరి మిల్లులకు
రేకు గరాటలు చుట్టిచ్చిన చేతులివి.
గాలికి సుడి నేర్పితే చాలు,
బరువున్నది గోడకు కొట్టుకొని కిందికి జారుతది,
తేలికది నడుమకెల్లి పైకి పోతది.
ఊకైనా గంతే, నూనైనా గంతే.

మా అన్న సోమాచారి
ఊకగొట్టం నోటి కాడ పదేండ్లు బస్తాలు పట్టిండు.
ఆ మిల్లుకు సైక్లోన్ బిగించింది నేనే,
అన్న మంచం పట్టిన ఏడాదికి.

అల్యూమినియం గొట్టం కోసిన.
గాలి లోపల సుడి తిరగాలని
తొవ్వను ఒక పక్కకు పెట్టిన.
నడుమల చిల్లుల పల్లెం.
సైదులు కిరాణంకెల్లి గిన్నెలు తోమే పీచు తెస్తే
తిట్టి వాపసు పంపిన,
ఒక్క పోగు తెగి లోపలికి పోతే
ఇంజను పానం పోతది.
నూకలు జల్లించే స్టీలు జాలినే
చుట్టచుట్టి కూరిన.
గొట్టం సైజు మాత్రం తగ్గియ్యలే.
ఊపిరి సన్నగైతే లోపల ఒత్తిడి లేచి
సీళ్లు చింపుకుంటది, పాపం.
ఆఖరుకు అడుగున ఇత్తడి నల్లా.

పైసలెంతని అడిగితే
రెండు వేలియ్యి,
ఆ ఎర్ర డబ్బా ఈన్నే ఇడిచిపెట్టు అన్న.

నెల తిరిగినంక మళ్లొచ్చింది,
టైర్లకు రబ్బరు పొక్కులు,
అద్దం మీద చచ్చిన పురుగులు.
చాయ్ గ్లాసు పెట్టి నల్లా తిప్పిన.
ముందు ఒక్క చుక్క. ఆగింది.
తర్వాత కారింది,
పాలెక్కువైన చాయ్ రంగుల,
పెట్రోలు వాసన కొట్టుకుంట, అరగ్లాసు.
ముగ్గురం వంగి చూసినం.
"మరి నిరుడంతా ఇదేడికి పోయింది?" అన్నది డాక్టరమ్మ,
తెలిసే అడిగింది.

ఆ గ్లాసును సైదులు మూడుమాట్లు సబ్బేసి తోమిండు.
అయినా దాంట్ల చాయ్ ఎవ్వరం తాగం,
క్లాంపుల స్క్రూలు పోసుకున్నం.
ఎర్ర డబ్బాకు రెండు దిక్కుల బిరడాలు కొట్టి
ఇంటికి తీస్కపోయిన.
అన్న మందుగోళీలు ఇప్పుడు
దాంట్లనే ఉంటయి.