మార్ఫా ఇంట్లో లేదు

పటం మీద ఇది ఏడు-బి.
ఆకుపచ్చ గీతలు రెల్లుకి, పసుపు తుంగకి,
నీలం ఏమీ మొలవని నీళ్లకి.
ప్లాస్టిక్ పూత పూసిన ఆ కాగితాన్ని
యెవ్లాంపియా తలకిందులుగా పట్టుకుని చూసింది.
పొద్దుతిరుగుడు తొక్కొకటి తుపుక్కున
నీలం మీదే ఊసింది.
"ఏమీ మొలవదని నీకెవరు చెప్పారు?"

సముద్రం ఇంకా ఆమడ దూరం ఉందనగానే
డాన్యూబ్ నడక మానేస్తుంది.
ఆ సోమరి నీటిని గళ్లు గళ్లుగా కోయడానికి
జీతం మీద వచ్చినదాన్ని నేను.
తారు పూసిన నల్ల పడవలో
డెబ్బై ఏళ్ల చేతులు తెడ్డు వేస్తుంటే
చుక్కలు పెట్టుకుంటూ పోయాను.

"ఇది సావెలి చొక్కా."
ఎందుకని?
"సావెలి చొక్కా ఆరేసుకున్నాడు."
ఎప్పుడు?
"మా అమ్మ పుట్టకముందు."
తర్వాతది గుడ్డి పాయ, ఎటూ తేలదు.
ఆ పక్కది ఇద్దరు చాలరు,
వల లాగితే తెలుస్తుందట.
పన్నెండు-సి దగ్గర మాత్రం పేరు చెప్పలేదు.
తెడ్డు నీళ్లలో అలాగే ఉంచి
వాళ్ల పాత పద్ధతిలో, రెండు వేళ్లతో
శిలువ గీసుకుంది.

నా ఫారంలో ముంపు లోతుకి గడి ఉంది,
గూళ్లు పెట్టే జాతులకి ఉంది.
ఎందుకు అనేదానికి లేదు.

మూడో రాత్రి గాలి.
తెల్లారి వెళ్తే ఏడు-బి అక్కడ లేదు.
రెల్లు వేళ్లు ఒకదాన్నొకటి అల్లుకుని
చాపలా తేలే గడ్డ అది,
చదివిందాన్నే, మరిచాను.
నిలువు లోతు నీళ్ల మధ్య నా యంత్రం
"మీరు ఏడు-బిలో ఉన్నారు" అంటోంది.
ఒక గూడబాతు నన్ను చూసి
సంచి మూతి కాస్త తెరిచింది.

యెవ్లాంపియా కంగారు పడలేదు.
"మార్ఫా మళ్లీ పుట్టింటికి పోయింది."
మొగుడితో మాట పట్టింపొస్తే
మూటతో సహా నడిచిపోయేదట ఆ మార్ఫా.
గడ్డకి ఆవిడ పేరే పెట్టారు.

రెండు గంటలు వెతికాం.
అవతలి ఒడ్డుకి భుజం ఆనించి ఉంది,
రెల్లంతా ఒక పక్కకి దువ్వుకుని.
అంచున మునుగుడు పిట్ట
గుడ్ల మీంచి లేవకుండానే ఊరు మారింది.
మమ్మల్ని చూసి ముక్కు కూడా తిప్పలేదు.

తుల్చా ఆఫీసులో గ్రిగోరె గారు
కళ్లద్దాలు నుదుటికెత్తి అడిగారు:
ఈ హద్దు గీత మొదలైనచోట కలవలేదేం?
కలపను, అన్నాను.
పేరు గడిలో రాశాను: మార్ఫా.
చిరునామా గడిలో: ఇంట్లో లేదు.
ఆయన నవ్వలేదు. సంతకం మాత్రం పెట్టారు.

గుడ్డి పాయ ఎక్కింది, సావెలి చొక్కా ఎక్కింది,
ఇద్దరు చాలరు రెండు వరుసల్లో ఎక్కింది.
పన్నెండు-సి ని అలాగే వదిలేశాను.
ఆ ఒక్కచోట
అంకే మర్యాద అనిపించింది.