దీపం పన్ను

మనామా రేవులో సుంకాల సభ.
పంకా లాగే కుర్రాడు కునికితే
చట్టానికి కాసేపు చెమట పట్టింది.

"దీపస్తంభం ఖర్చుకింద టన్నుకి అణా"
దొర చదివాడు. ఏడు చేతులు లేచాయి.
నఖుదా ముహన్నాది మాత్రం
ఆల్చిప్పలు కోసిన మచ్చలతో
ఒళ్లోనే ఉండిపోయింది.

"మేం సుహైల్ చుక్క పట్టుకుని నడుస్తాం.
దానికెవరికి కట్టాలి?"

నవ్వులు. తీర్మానం నెగ్గింది.
మినిట్సు రాసేవాణ్ణి నేను, కోరంగి కళాసీ కొడుకుని.
ఆ ప్రశ్నకి పుస్తకంలో గడి లేదు.

ఆ చుక్కే మా నాన్నకి అగస్త్యుడు;
సముద్రాన్ని పుడిసిట పట్టి తాగి
ఎవరికీ రసీదు రాయనివాడు.

అంచున తెలుగులో ఆ పేరొక్కటే రాశాను.
సిరా మరక అనుకుని
దొర
అద్దుడు కాగితం ఒత్తాడు.