బొట్టు పెట్టిన మీట

ఛత్తాబజార్‌ల మా దుకాణం పేరు మూడు లిపులల్ల ఉంటది.
బోర్డు మీద ఉర్దూ కుడి నుంచి నడిచొస్తది,
ఇంగ్లీషు ఎడమ నుంచి,
తెలుగు నడుమ ఇరుక్కొని, జర చిన్నగ.
శుభలేఖలు, నిఖా రుక్కాలు, విజిటింగు కార్డులు,
పోయినోళ్ల ఫోటో కింద పెట్టే రెండు వాక్యాలు,
అన్నీ ఈ పది వేళ్లే.

మొదట్ల భాష మార్చాలంటె
మౌసు పట్టి తెర మూలకు ఉరికేది,
లేకుంటె రెండు మీటలు ఒక్కపారి వత్తేది.
రోజుకు ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలె.
ఎడమ చిటికెన వేలు పెట్టింది.
రాత్రి బియ్యం కడుగుతుంటె చెప్పింది.

మార్చుడు మరిచిపోతె ఇంకో తమాషా.
ఒకనాడు అడ్రసుల ఇంగ్లీషు చిన్నక్షరాలతోటి కోఠి అని కొట్టిన.
తలెత్తి చూస్తె తెర మీద
కదూగ.
తెలుగు ఇంక దిగిపోలె.
కదూ, అని అడుగుతున్నది మిషిను, దేని గురించో.
మేమైతె గదా అంటం.
దీనికి ఎవరు నేర్పిన్రో ఆ యాస.

షాదుల్లా వచ్చిండు, ప్రింటర్లు బాగుచేసే పిల్లగాడు,
చాయ్ తాగుకుంట నా వేలు దిక్కు చూసిండు.
"అక్కా, గీ క్యాప్స్ లాక్‌తోటి నీకేం పని?"
ఆలోచించిన. నిజమే.
ఇరవై ఏండ్ల సంది అది నాకు చేసిన మేలు లేదు,
పొరపాటున తగిలితె పెద్దగ ఒర్రుడు తప్ప.
పావుగంట పట్టింది వానికి.
మీట అదే, కూసున్న జాగ అదే, కొలువు మారింది.
ఒకసారి వత్తితె తెలుగు, మళ్లొకసారికి ఇంగ్లీషు,
కుడి దిక్కు ఆల్ట్ ఉర్దూకు.
తెలుగుల ఉన్నంతసేపు మూలకు పచ్చ దీపం.
గుర్తుకుంటదని నా స్టిక్కరు బొట్టు తీసి దానికి పెట్టిన.

కలీముద్దీన్ సాబు, మా సేఠు, ఒకప్పటి కాతిబు,
బొట్టును చూసి నవ్విండు.
"నేను రాత మార్చాలంటె కలం కడిగేది బేటీ.
సిరా ఆరేదాంక ఊకె కూసునేది.
గా ఊకె కూసునుడు ఏ మీటల పెట్టిన్రు?"
నేనేం చెప్పాలె.
పన్నెండు కాకముందు ఐదొందల కార్డుల ప్రూఫు పోవాలె.

ఇప్పుడు వేలికి నొప్పి లేదు, రోగం వేరే.
అఫ్జల్‌గంజ్‌ల బస్సెక్కితె
కండక్టరుకు తెలుగు, పక్క సీటామెకు ఉర్దూ,
బిడ్డ బడి నుంచి ఫోనొస్తె ఎస్ మేడం.
మాట కంటె ముందు
చిటికెన వేలు సంచి మీద టక్కుమని వత్తుకుంటది.
మొన్న వార్డు ఆఫీసుల ఫారం నింపబోయిన.
వాళ్ల మీటకు బొట్టు లేదు.
అలవాటుకొద్ది వత్తితె
అండాలు అన్న నా పేరు ఇంగ్లీషు పెద్దక్షరాలల్ల ఒర్రింది,
లైన్ల నిలబడ్డోళ్లంత ఇన్నట్టయింది.

ఒక్కో మీట కింద ముగ్గురు కాపురముంటరు.
డి కింద ఇంగ్లీషు డి, ఉర్దూ దాల్, మన పొల్లు.
ఎన్ కొడితె ఆడ న, ఈడ ల.
కె ఒక్కటే మాట మార్చది,
ఎవరు పిలిచినా క.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి
సాబు నా కుర్చీల కూసున్నడు.
చూపుడు వేలుతోటి బొట్టు వత్తిండు. కె కొట్టిండు. క.
ఆల్ట్ వత్తిండు. కె కొట్టిండు. కాఫ్.
మళ్ల బొట్టు. మళ్ల కె.
అద్దాలు నొసటికి ఎత్తి, తెర మీదికి వంగి,
తన కాఫ్ దిక్కు చానసేపు చూసి
పెదవి విరిచిండు.
"గీత బాగలేదు. నడుము విరిగింది దీనికి."
లేచి పోయిండు,
వేలును లాల్చీకి తుడుచుకుంట,
సిరా అంటినట్టు.

ఎనుకకు తిరిగి చూస్తె మీట మీద బొట్టు లేదు.
లాల్చీకి అంటుకొని పోయినట్టుంది.