సౌనాలో ఆరిన శుభలేఖలు

తార్తులో నవంబరు. ఏదీ ఆరదు.
పాత లెక్కల పుస్తకాలు నానబెట్టి, రుబ్బి,
జల్లెడ మీద పొరలుగా ఎత్తుకున్న కాగితాలు
నాలుగు రోజులైనా తడిగుడ్డ వాసనే.

"సౌనాలో పరవండి," అంది కాబోయే అత్తగారు హెల్యు,
"నిన్నటి వేడి రాళ్ళలో ఇంకా ఉంది."
మనుషులు కూర్చునే చెక్క మెట్ల మీద
అరవై నాలుగు పిలుపులు
ఒళ్ళు విరుచుకుని పడుకున్నాయి.

అచ్చుదిమ్మ చెక్కింది తానెల్.
అక్షరాలు తిరగేసి చెక్కాలని మరిచాడు.
మొదటి ముద్రలో లేలో అనే నా పేరు
కుడి నుంచి ఎడమకి నడిచిపోతోంది,
పెళ్ళి వద్దనుకున్నట్టు.
మళ్ళీ చెక్కాడు. ఈసారి వేలు తెగింది.
ఎర్ర సిరా కొనక్కర్లేదన్నాను.
అతను నవ్వలేదు.

ఒక్కో దానికి అవిసె దారం, ఎండిన నీలిపువ్వు
కట్టి మురిసిపోతుంటే
ముప్పై ఏళ్ళు తపాలా సంచులు విప్పిన చేతులతో
అత్తగారు ఒకటి అందుకుని
"ముడి యంత్రం పళ్ళలో ఇరుక్కుంటుంది" అంది.
రాత్రి ఒంటిగంట దాకా అన్నీ తనే విప్పింది.
కోయలేదు. విప్పింది.
దారాలన్నీ ఉండ చుట్టి
ఏప్రను జేబులో వేసుకుంది. ఎందుకో అడగలేదు.

వారం తర్వాత ద్వీపం నుంచి
ఎండెల్ తాతయ్య ఫోను:
"ఉత్తరం విప్పితే ఒకటే పొగ వాసన!
ఇల్లేమైనా అంటుకుందా అమ్మాయ్?"

కాదు తాతయ్యా, పెళ్ళి.
కళ్ళజోడు పెట్టుకుని చదువు.