క్రమసంఖ్య ఆరువందల పన్నెండు

ఈసారి ప్రతి గడపా ఎక్కుతున్నాను.
కంచిలి స్టేషన్ నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో
జీడితోటల నడుమ మా ఊరు, మూడు వీధులు, ఒక పేట.
చంకలో అంగన్‌వాడీ రిజిస్టరు, దాని మీద ఓటర్ల జాబితా.
వీధికుక్కలు నన్ను గుర్తుపట్టడం ఎప్పుడో మానేశాయని
ఇవాళే తెలిసింది.

పోయినసారి ఇలా తిరగలేదు.
ఎండ అన్నాను, మోకాలు అన్నాను,
మా అరుగు మీద కూర్చుని
నాలుగు వందల ఇళ్లూ ఒక్క మధ్యాహ్నంలో చూసొచ్చాను.
"విచారించడమైనది" అని
ఎంత గుండ్రటి అక్షరాల్లో రాశానో!

అప్పటికి దుంపల కూర్మారావు పోయి పద్నాలుగు నెలలు.

కొబ్బరిచెట్టు ఎక్కడంలో వాడి తర్వాతే ఎవడైనా.
నడుముకి తాడు, పళ్ల మధ్య కత్తి,
కిందనున్న పిల్లల్ని దూరం పొమ్మని కాలితోనే సైగ.
మంచంటే ఐసుబండి దగ్గర తప్ప చూడనివాడు
మంచుకొండల్లో లారీ లోయలోకి దొర్లితే
అలాంటి తాడే పట్టుకుని దిగాడట.
ఒకణ్ణి మోసుకొచ్చాడు. మళ్లీ దిగి ఇంకొకణ్ణి.
"చాలు, ఆగు" అన్నారట పైనున్నవాళ్లు.
కింద ఎవరో మూలుగుతున్నారు. తన భాష కాదు,
అయినా అర్థమైందట.
మూడోసారి కొండ జారింది.
సుబేదారు హిందీలో రాసిన ఉత్తరం
హైస్కూలు మాస్టారు తెలుగులో చెబుతూ చెబుతూ
అక్కడికొచ్చి కళ్లజోడు తీసేశారు.

ఆరోజు ఊరు కదిలింది. నటన కాదు, నిజంగానే కదిలింది.
పెట్టె వెనక రెండు మైళ్ల పొడవున మోటారు సైకిళ్లు.
ఏడాది తిరగకుండా జంక్షన్‌లో బొమ్మ లేచింది.
కాలువ పూడ్చి షెడ్డు వేసిన కాంట్రాక్టరే
అందరికన్నా పెద్ద దండ వేశాడు.
బొమ్మ ముందు చేతులు చాచి ప్రమాణం చేశాం.
ఏమని చేశామో
ఎవర్నడిగినా తలగోక్కుంటారు.

తర్వాత ఎన్నికలొచ్చాయి.
కవర్లు ఇంటింటికీ వెళ్లాయి,
నేను వెళ్లని ఇళ్లన్నిటికీ వెళ్లాయి.
మా ఇంటికీ వచ్చింది. వెనక్కి పంపలేదు.

బళ్లో పోలింగు.
ఆడాళ్ల వరసలో తవిటమ్మ గుమ్మం దాకా వచ్చింది.
లోపల ఆఫీసరు పైకి చదివాడు:
"ఆరువందల పన్నెండు, దుంపల కూర్మారావు."
"ఆఁ" అన్నారెవరో.

చటుక్కున తిరిగిందట.
ఆ రెప్పపాటులో ఏం చూసిందో నేనడగలేదు.
ఆ తర్వాత చూసింది మాత్రం
పేట అవతలి కుర్రాణ్ణి,
వేలు చాపి సిరా పూయించుకుంటున్నవాణ్ణి.
ఆమె కేకలు వేయలేదు.
తన ఓటు తాను వేసి, ఇంటికెళ్లి,
రెండ్రోజులు పొయ్యి ముట్టించలేదు.

ఈ ఉదయం నాతో చెప్పింది,
పీట వేసి, చెంబుతో నీళ్లిచ్చి.
"పద్దెనిమిదేళ్లకి పేరెక్కించుకున్నాడు,
పంతొమ్మిదికి మిలట్రీకి ఎల్లిపోనాడు.
ఆడి ఏలికి సుక్క సిరా అంటనేదమ్మా.
ఆ గుంటడికి మావోడి పేరు ఎవులిచ్చినారు?"

అరుగు దిగని నేనే ఇచ్చాను.
ఆ మాట చెప్పాను, నీళ్లింకా గొంతులో ఉండగానే.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
కొంగుతో పీట పక్కన లేని దుమ్ము తుడిచింది.

ఫారం తీశాను.
జీడిపిక్కల సొన తిని గీతలన్నీ అరిగిపోయిన బొటనవేలు.
రెండుసార్లు ఒత్తితే
మరకే తప్ప ముద్ర పడలేదు.
మూడోసారి పడింది.

జాబితాలో వాడి పేరు మీద ఎర్రపెన్ను ఆనించాను.
నా మణికట్టు పట్టుకుంది.

"గట్టిగా గియ్యకమ్మా,
కింద పేరు నాది."